నాలుగు వందల పన్నెండు చూపులు

ఉదయం ఎనిమిదీ ఇరవై అయ్యేసరికి సామర్లకోట కాలువగట్టు రోడ్డు మీద మెడలు తిరగడం మొదలవుతుంది. కొబ్బరికాయల ట్రాలీ నడిపేవాడి మెడ ఎడమకు తిరుగుతుంది, పాలవ్యాను నడిపేవాడిది కుడికి. చదువుకునే రోజుల్లో పరీక్ష పేపరుకేసి కూడా అంత శ్రద్ధగా చూసి ఉండని మనుషులు, బడికి పోతున్న పిల్లలను ఒక్కొక్కరినీ తల తిప్పి మరీ చూస్తారు. చూడకపోతే బండి కదలదు. అంటే కదులుతుంది గానీ మనిషి నడిచినంత నెమ్మదిగా కదులుతుంది, వెనక నుంచి హారన్లు మోగుతాయి. 2068 నాటికి ఈ ఊరి వాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించడం లేదు. నోరు తెరుచుకుని చూసేది పొరుగూళ్ళ నుంచి వచ్చిన చుట్టాలే.

కాలువ లాకుల పక్కన రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న డాక్టర్ తన్మయి ఆ మెడలను చూస్తూ ఫ్లాస్కులో మిగిలిన టీ పోసుకుంది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని ఒక్కటే, పిల్లలు బడికి కాళ్ళతో వెళ్ళి కాళ్ళతో తిరిగొచ్చేలా చూడటం. చెప్పడానికి ఇంత చిన్న పని మనిషిని ఎంత అలసటకు గురిచేస్తుందో ఆమె మోకాళ్ళను అడగాలి.

ఆమె కనిపెట్టినదాని పేరు చూపుకంచె. దాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ప్రతి పిల్లవాడి దగ్గరా చొక్కా గుండీ అంత పరికరం ఒకటి ఉంటుంది. అది 'నేనిక్కడున్నాను' అని ఎనభై మీటర్ల దాకా చెబుతూ ఉంటుంది. బండిలో డ్రైవరు ముందు కంటిజాడ కెమెరా ఉంటుంది. మనిషి కనుపాప ఏ క్షణంలో ఎటు తిరిగిందో అది వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టుకుంటుంది. గుండీ ఉన్న పిల్లవాడు దగ్గర్లో ఉన్నాడనగానే బండి వేగం గంటకు ఆరు కిలోమీటర్లకు పడిపోతుంది. డ్రైవరు కన్ను ఆ పిల్లవాడి మీద కనీసం అర సెకను నిలిచాకనే బండి మళ్ళీ వేగం అందుకుంటుంది. ఈ లెక్కలన్నీ చూసుకునే యంత్రానికి పహరా అని పేరు పెట్టారు. వాటంతట అవే నడిచే బండ్లు పెద్ద నగరాల్లో తిరుగుతున్నాయి గానీ, రోడ్డుకడ్డంగా పెళ్ళి పందిరి వేసే ఊళ్ళలో అవి ఏనాడో చేతులెత్తేశాయి. ఇక్కడ బండి ఇంకా మనిషి చేతిలోనే ఉంది.

ఈ ఆలోచన ఆమెకు పోలీసు స్టేషన్లలో పుట్టింది. పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో ఊరూరూ తిరిగి, పిల్లల్ని గుద్దిన డ్రైవర్ల వాంగ్మూలాలు పదకొండు వందలు చదివింది. తాగినవాళ్ళున్నారు, తాగనివాళ్ళున్నారు. ముసలివాళ్ళు, కుర్రాళ్ళు, ఆడవాళ్ళు, చివరికి ఒక దేవాలయ పూజారి కూడా ఉన్నాడు. అందరి కాగితాల్లోనూ ఒకే మాట ఉంది. 'చూడలేదండీ.' పట్టపగలు, తిన్నని రోడ్డు, ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న పిల్ల, చూడలేదట! చదివిన ప్రతిసారీ తన్మయికి ఒళ్ళు మండేది. అబద్ధం చెప్పడానికైనా ఇంకో మాట దొరకదా అనుకునేది. ఈ మాట ఇక ఎవడూ అనకుండా చేస్తానని అప్పుడే మొండిపట్టు పట్టింది. పధ్నాలుగు నెలలుగా కాలువగట్టు రోడ్డు మీద ఆ మాట ఎవరూ అనలేదు.

తనకంటే ఎత్తున్న సైకిలు మీద నిలబడి తొక్కుకుంటూ ఒక పిల్ల వచ్చింది. పేరు చైత్ర, నాలుగో తరగతి. లాకుల దగ్గరికి రాగానే తన్మయికి నాలుక బయటపెట్టి వెక్కిరించడం ఆ పిల్లకు అలవాటు. తన్మయి కూడా ఎవరూ చూడకుండా తిరిగి వెక్కిరించింది. రోజు మొత్తంలో ఆమెకు అలసట గుర్తురాని క్షణం అదొక్కటే.

అప్పుడే ఎదురుగా వచ్చిన సిమెంటు లారీ వేగం తగ్గకుండా ఆ పిల్ల పక్కనుంచి దూసుకుపోయింది.

తన్మయి చేతిలో టీ చీర మీద ఒలికింది. లారీ ఆగలేదు. డ్రైవరు మెడ తిరగలేదు. చైత్ర ఒక కాలు నేలకు ఆనించి, ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

"పహరా! పిల్ల పక్కనుంచి ఆ లారీని ఎందుకు వదిలేశావు?"

"ఏ పిల్లను ఉద్దేశించి అడుగుతున్నారు? ఆ సమయంలో లాకుల దగ్గర నాకు పిల్లలెవరూ కనిపించలేదు," అంది షెడ్డు స్తంభానికున్న స్పీకరు.

షెడ్డు వెనక బల్ల మీద తెరల ముందు కూర్చున్న జోయెల్ లేచి వచ్చాడు. ఆరేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్న ఇంజనీరు అతను. మొహం చూస్తేనే తెలుస్తోంది, మంచి కబురు కాదని.

"వారం నుంచి ఇదే వరస మేడమ్ గారూ. ముందు నా లెక్క తప్పేమో అనుకున్నాను. మొత్తం రెండు వందల పన్నెండు గుండీలండీ. ఇయ్యాళ పలికినవి డెబ్బయ్యే."

"బ్యాటరీలా?"

"కాదండీ, ఇప్పుడే మార్చాం కదా. పిల్లలు బళ్ళోకెళ్ళి సంచులు విప్పాక కొన్ని పలుకుతున్నాయి. రోడ్డు మీదే మూగబోతున్నాయి."

తన్మయి అతని సైకిలు తీసుకుని చైత్ర వెంటపడింది. బడి గేటు దగ్గర ఆ పిల్లను పట్టుకునేసరికి ఆమెకు ఊపిరి అందలేదు.

"నీ గుండీ ఏదే?"

చైత్ర సంచి పట్టీ చూపించింది. గుండీ ఉండాల్సిన చోట చిన్న నల్లగుడ్డ తిత్తి ఉంది. చక్కగా కుట్టి, తాడుతో బిగించి ఉంది. లోపల వెండిరేకు పొర తగిలింది. వెండిరేకులోంచి గుండీ మాట బయటికి రాదు.

"ఎవరు కట్టారు?"

"మా అమ్మండీ. అందరికీ మా అమ్మే కుడతందండీ," అంది చైత్ర, తల్లి పనితనానికి గర్వపడుతూ.

ఆ తల్లి పేరు లోవకుమారి. రైల్వేగేటు దగ్గర దర్జీ కొట్టు ఆమెది. తన్మయి వెళ్ళేసరికి మిషను మీద నల్లగుడ్డ, పక్కన ఊదొత్తి పెట్టెలకు వాడే వెండిరేకుల కట్ట ఉన్నాయి. దొరికిపోయానన్న బెరుకు ఆమె మొహంలో ఏమీ లేదు. స్టూలు తుడిచి వేసింది.

"కూచోండి డాక్టరు గారూ. మీరొత్తారని తెలుసండీ."

"అమ్మా, అసలు ఏం చేస్తున్నారో మీకు తెలుస్తోందా? పొద్దున్న మీ పాపను లారీ..." తన్మయి చూపుడువేలు ఎత్తి చూపించింది. "వేలెడు దూరం."

లోవకుమారి చెయ్యి మిషను చక్రం మీద బిగుసుకుంది. తర్వాత ఫోను తీసి తన్మయి ముందు పెట్టింది.

"ఇది మీరు పంపిందే కదండీ?"

ప్రతి సాయంత్రం తల్లులకు వెళ్ళే కబురు అది. 'ఈ రోజు మీ పాపను 412 మంది డ్రైవర్లు చూశారు. నిశ్చింతగా ఉండండి.' ఆ రెండు వాక్యాలూ తన్మయి స్వయంగా రాసినవే. ప్రతి చూపూ ఒక కాపలా అని తల్లులకు తెలియాలని, రాత్రి కూర్చుని మూడుసార్లు దిద్ది మరీ రాసింది.

"నాలుగొందల పన్నెండు మందండీ! రోజూనండీ బాబూ! మా పిల్ల ముందే తెల్లగా బొద్దుగా ఉంటాది. పుట్టినరోజుకి పది మంది చూత్తేనే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచేదాన్ని. నాలుగొందల మంది కళ్ళార్పకుండా చూత్తంటే ఆ పసిది తట్టుకుంటాదాండీ? తొమ్మిది రోజులు జొరం. అన్నం ముట్టలేదు. మా ఇంటి పక్క పిల్లాడికి వాంతులు. ఆ పై వీధిలో కవలపిల్లలకి ఆటలమ్మ."

"అది వైరస్ అమ్మా. ఆ నెలలో ఊరంతా జ్వరాలే. గుండీలు లేని పొరుగూళ్ళో కూడా..."

"మీరు చదువుకున్నోరు, మీరు చెప్పింది నిజమే అయ్యుంటాదండీ," అంది లోవకుమారి మర్యాదగా. ఆ మర్యాదలోనే తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. "కానండీ, అంతమంది చూడకుండా మావు పెరిగాం కదండీ."

తన్మయి గంటసేపు చెప్పింది. కాంతి గురించి, కంటి గురించి, అంకెల గురించి చెప్పింది. గోడకు చెప్పుకున్నా అంతే. లేచి వస్తుంటే లోవకుమారి గుమ్మం దాకా వచ్చి, చెప్పాలా వద్దా అని కాసేపు నీళ్ళు నమిలి, చివరికి చెప్పేసింది.

"కోప్పడకండేం. మొట్టమొదటి తిత్తి నేను కుట్టింది మీ ఇంటికేనండీ. అది చూసే మిగతావోళ్ళు అడిగారు."

తన్మయి మనవరాలు మహతి కూడా ఆ బడిలోనే మూడో తరగతి. కూతురూ అల్లుడూ కాకినాడ పోర్టులో షిఫ్టులు చేస్తారు కాబట్టి పిల్ల ఇక్కడే ఉంటుంది. సంచి వెతికితే పట్టీకి నల్ల తిత్తి వేలాడుతోంది. కూతురి పనే అనుకుంది తన్మయి. తీరా అడిగితే వంటింట్లో బెండకాయలు తరుగుతున్న భర్త సుహాస్ కత్తి కింద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి.

"నేనే."

"నువ్వా! కాంతి సిద్ధాంతాల మీద పుస్తకం రాసినవాడివి!"

"అరవకు తన్మయీ. నేను నమ్మను. ఆ సంగతి నీకూ తెలుసు. దానికి జ్వరం వచ్చిన రోజు ఫోనులో ఐదు వందల ముప్ఫై అని కనిపించింది. ఎందుకో భయమేసింది." ఆయన బెండకాయ ముచ్చికను వేళ్ళతో నలుపుతూ ఉండిపోయాడు. "ఎందుకైనా మంచిదని..."

తిట్టడానికి తన్మయికి ఓపిక లేకపోయింది. కుర్చీలో కూలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోడ్లతో, మంత్రులతో, లారీ యజమానులతో పోట్లాడింది. తన వంటింట్లో ఇంత మెత్తగా దెబ్బ తగులుతుందని అనుకోలేదు. పైగా, సిగ్గుపడుతూనైనా ఒప్పుకోవాలి, ఐదు వందల ముప్ఫై అన్న అంకె వినగానే ఆమెకూ ఒక్క క్షణం భయమేసింది.

మర్నాడు కబురు పంపడం ఆపేశారు. లాభం లేకపోయింది. అంకె కనిపించకపోతే తల్లులు అంతకు రెట్టింపు ఊహించుకున్నారు. పలికే గుండీలు డెబ్బై నుంచి నలభైకి పడిపోయాయి. దీనికి తోడు రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చింది. చూపుకంచెను మరో నలభై పట్టణాల్లో పెట్టాలా, ఉన్నదాన్ని కూడా ఎత్తేయాలా అన్నది వచ్చే నెలలో తేలుస్తారట. తల్లిదండ్రులే వద్దనుకునే కంచె ఎందుకని అందులో ఒక అధికారి అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పు పట్టడానికేమీ లేదు.

"పహరా," అంది తన్మయి ఒక మధ్యాహ్నం, నుదురు నొక్కుకుంటూ. "డ్రైవరు చూడాలి. కానీ తల్లికి తన బిడ్డను చూసినట్టు ఉండకూడదు. దారుందా?"

"ఈ పట్టణంలో కడుతున్న ఇళ్ళ ముందు నుంచి వెళ్ళే డ్రైవర్ల కంటిజాడలు నా దగ్గర ఉన్నాయి," అంది పహరా. "నూటికి తొంభై ఆరుగురి కన్ను ముందుగా ఇంటి మీద పడదు. ఇంటికి వేలాడదీసిన ఒక వికార ముఖం మీద పడుతుంది. అది ఏమిటో నాకు తెలియదు."

జోయెల్ ఫక్కున నవ్వాడు. "దిష్టిబొమ్మండీ!"

నవ్వు ఆగాక ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మూడు వారాల్లో కొత్త పరికరం తయారైంది. దానికి బొమ్మవెలుగు అని పేరు పెట్టారు. సంచి మీద నుంచి చిన్న ప్రొజెక్టరు ఒకటి, పిల్లవాడి తలకు జానెడు పైన గాలిలో గుమ్మడికాయంత మొహాన్ని వెలిగిస్తుంది. గుడ్లురిమే కళ్ళు, బుర్రమీసాలు, బయటికి వేలాడే ఎర్ర నాలుక. ఎండలో కూడా రెండు వందల మీటర్ల దూరం నుంచి కనిపిస్తుంది. డ్రైవరు కన్ను ఆ బొమ్మ మీద అర సెకను నిలిస్తే చాలు, పిల్లను చూసినట్టే లెక్క. ప్రొజెక్టరుకు బలమైన బ్యాటరీ కావాలి కాబట్టి దాన్ని సంచి అడుగున కదలకుండా కుట్టేశారు. పాత గుండీ కూడా అందులోనే కలిసిపోయింది.

జోయెల్‌కు ఒక్క అనుమానం మిగిలింది.

"మరి డ్రైవరు చూసేది బొమ్మనే కదండీ?"

"బొమ్మ ఎక్కడుంటుంది? పాప నెత్తి మీదేగా. కన్ను అక్కడిదాకా వచ్చాక జానెడు పైనా కిందా ఏముంది జోయెల్?" అంది తన్మయి. విసుగ్గా అనలేదు. అలసటగా అంది. అతను తెరల ముందుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం కబురు మళ్ళీ మొదలైంది, ఈసారి వేరే మాటలతో. 'ఈ రోజు బొమ్మ మీద పడిన చూపులు 412. మీ పాప మీద పడినవి 0.' ఆ సున్నాను చూసి కాలువగట్టు తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. లోవకుమారి తిత్తులన్నీ విప్పేసి, ఆ నల్లగుడ్డతో మిషనుకు ముసుగు కుట్టుకుంది. ఒక డబ్బా నిండా సున్నుండలు పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"మీరు దేవతండీ డాక్టరు గారూ. మా బాధ అర్థం చేసుకున్నారు."

ఐదు రోజుల్లో రెండు వందల పన్నెండుకు రెండు వందల పన్నెండూ పలికాయి. ఉదయం ఎనిమిదీ ఇరవైకి కాలువగట్టు రోడ్డు మీద నాలుకలు చాపిన మొహాలు బారులు తీరి బడికి వెళ్తుంటే, వాటి కింద సైకిళ్ళున్నాయో లేదో చూడాల్సిన పనే లేకపోయింది. డ్రైవర్లకూ సుఖంగా ఉంది. పిల్లలను ఒక్కొక్కరినీ వెతుక్కోనక్కర్లేదు, బొమ్మ తనే కంటికి కొట్టినట్టు కనబడుతుంది. చైత్ర అప్పటికీ లాకుల దగ్గర నాలుక బయటపెట్టేది. దాని నెత్తి మీద బొమ్మ నాలుక ముందు ఆ చిన్న నాలుక ఎవరికి కనబడుతుంది? రెండు రోజులు తన్మయి కూడా గమనించలేదు. మూడో రోజు ఆ పిల్లే మానేసింది.

శుక్రవారం రాష్ట్రం నుంచి కబురొచ్చింది. నలభై పట్టణాలకూ అనుమతి ఇచ్చారు. సుహాస్ పాయసం చేశాడు. తన్మయి రెండు చెంచాలు తిని, ఫోనులో వస్తున్న అభినందనలకు జవాబులిస్తూ కూర్చుంది. మహతి వచ్చి భుజం మీద వాలింది.

"అమ్మమ్మా, రేపు సంచి లేదుగా."

"ఊఁ."

"రంగు పెన్సిళ్ళు చేత్తో పట్టుకెళ్ళమన్నారు టీచరు."

"ఊఁ, తాతయ్యను అడుగమ్మా," అంది తన్మయి తెర మీంచి కళ్ళెత్తకుండా.

నెలలో రెండో శనివారం ఆ బడిలో సంచి లేని రోజు. పిల్లలు పుస్తకాలు మోయకుండా ఒట్టి చేతులతో వచ్చి ఆడుకోవాలని ఎవరో మంచి మనసుతో పెట్టిన ఏర్పాటు. పాత గుండీ రోజుల్లో తల్లులు ఆ పూట దాన్ని తీసి చొక్కాకు గుచ్చేవాళ్ళు. ఇప్పుడు పరికరం సంచిలో భాగం. సంచి ఇంట్లో, బొమ్మ సంచితో పాటు ఇంట్లో. ఈ సంగతి పరికరం తయారుచేసినవాళ్ళకు తట్టలేదు, కుట్టినవాళ్ళకు తట్టలేదు, కట్టుకుని మురిసినవాళ్ళకూ తట్టలేదు. పహరాను ఎవరూ అడగలేదు.

శనివారం ఉదయం తన్మయి కారులో కాకినాడ బయల్దేరింది. కలెక్టరాఫీసులో పది గంటలకు మాట్లాడాలి. వారమంతా సరిగ్గా నిద్రలేదు. అయినా చాలా కాలానికి మనసు తేలిగ్గా ఉంది. కాలువగట్టు రోడ్డెక్కాక అలవాటుగా ముందుకు చూసింది. బొమ్మలు లేవు. ఒక్క బొమ్మ కూడా లేదు. బండి వేగం దానంతట అది తగ్గలేదు. దారి ఖాళీగా ఉన్నట్టుంది. కలెక్టరుకు మొదటి వాక్యం ఏం చెప్పాలా అనుకుంటూ పెడలు కొంచెం నొక్కింది.

లాకుల మలుపు దగ్గర ఎడమ పక్క దడేల్మని చప్పుడైంది.

తర్వాత ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. గాలిలో తిరుగుతున్న సైకిలు చక్రం. రోడ్డంతా చెల్లాచెదురైన రంగు పెన్సిళ్ళు. పిండిమర దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చిన మనుషులు. తారు మీద పడి ఉన్న చైత్ర మొహంలోకి వంగి చూసినప్పుడు, ఆ పిల్ల కళ్ళు తెరిచి, ఏడవడానికి ముందు, ఆశ్చర్యంగా "మీరాండీ?" అంది. ఆ ఒక్క మాట మాత్రం ముక్కలుగా గుర్తులేదు, మొత్తంగా గుర్తుంది.

తొడ ఎముక విరిగింది. భుజం పక్కకు జరిగింది. ప్రాణానికి భయం లేదని, మూడు నెలల్లో నడుస్తుందని, సైకిలు సంగతి తర్వాత చూద్దామని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి వసారాలో లోవకుమారి బల్ల చివర కూర్చుని ఉంది. చేతిలో ఒక చెప్పు ఉంది. రెండోది దొరకలేదు. తన్మయి వచ్చి ఎదురుగా నిలబడితే తలెత్తింది. అరుస్తుందనుకుంది తన్మయి. అరిస్తే బాగుండేది.

"రోజూ మిమ్మల్ని చూసి నాలుక చాపతాదంట కదండీ," అంది లోవకుమారి. "ఇంటికొచ్చి చెప్పేది. డాక్టరమ్మగారు కూడా నన్ను ఎక్కిరిత్తారమ్మా అని చెప్పేది. మీకు బాగా తెలిసిన పిల్లే కదండీ."

తన్మయి గోడకు ఆనుకుని మెల్లగా నేల మీదే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం జోయెల్ వచ్చి ఆమె పక్కనే చతికిలబడ్డాడు. ఆమె కంటిజాడనూ, బండి ముందు కెమెరా తీసిన రోడ్డునూ పక్కపక్కన పెట్టి పహరా లెక్క తీసింది. వినిపించాలా అని అడిగాడు. ఆమె తల ఊపింది.

"మీరు మలుపు తిరగడానికి ముందు ఆ బాలిక మీ ఎదుట నలభై మీటర్ల దూరంలో ఉంది," అంది జోయెల్ చేతిలోని పరికరంలోంచి పహరా. అదే నిదానమైన గొంతు. "వెలుతురు బాగుంది. అడ్డం ఏమీ లేదు. మీ కన్ను బాలిక ముఖం మీద సెకనులో పదింట తొమ్మిది వంతుల సేపు నిలిచింది. చూపుకంచె నియమం ప్రకారం అది కావలసినదానికంటే ఎక్కువ. గుండీ ఉండి ఉన్నా నేను మీ బండిని వదిలేసి ఉండేదాన్ని. మీరు ఆమెను చూశారు."

జోయెల్ పరికరం కట్టేశాడు. పదకొండు వందల కాగితాలు తన్మయి కళ్ళ ముందు ఒక్కొక్కటే తిరిగాయి. తాగినవాడు, తాగనివాడు, పూజారి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె అబద్ధాలకోరులని తిట్టుకున్నవాళ్ళు.

నాలుగింటికి పోలీసు స్టేషనుకు వెళ్ళింది. ఏఎస్సై సత్తిరాజు ఆమెను ఎరిగినవాడే. కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి, ఇబ్బంది పడుతూ వాంగ్మూలం కాగితం ముందుకు లాక్కున్నాడు. ఇలాంటివి ఇంకా కాగితం మీదే రాస్తారు.

"ఎలా జరిగిందో మీ మాటల్లో చెప్పండి మేడమ్ గారూ. పట్టపగలు కదా, ఎదురుగా పిల్ల వస్తంది కదా."

తన్మయి టేబులు మీద గ్లాసును పక్కకు జరిపింది. పహరా లెక్క ఆమెకు తెలుసు. ఆ లెక్క తయారుచేసింది ఆమే. అయినా ఎంత వెతుక్కున్నా లోపల ఆ పిల్ల మొహం లేదు, ఖాళీ రోడ్డే ఉంది.

"చూడలేదండీ," అంది.

సత్తిరాజు ఆ మాట రాసుకున్నాడు. రాస్తూ తల ఎత్తలేదు. చాలాసార్లు రాసిన మాటే.